అల్లుడుగారైన మోటారుగారికి

ఉప్పాడ,
జూన్ 18.

మహారాజశ్రీ అల్లుడుగారైన ఔట్‌బోర్డ్ మోటారుగారికి మీ మావ రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ ఒళ్లు మాత్రం మొన్న పెనంలా కాలింది, అందుకే ఈ ఉత్తరం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు ఆపింది. ఆపింది ఎవర్ని? మోటారున్న పడవల్ని. తెడ్డేసుకునే తెప్పకి ఆ రూలు లేదు. అంటే మీ మూలంగానే నేనూ ఇంట్లో కూర్చున్నాను. అయినా మనసులో పెట్టుకోకుండా మిమ్మల్ని పడవ మీంచి దించి, వసారాలో చెక్క స్టాండుకి తగిలించి, మా ఆవిడ పాత చీర కప్పాం. పండక్కొచ్చిన అల్లుడికి కూడా ఇంత మర్యాద జరగదు. అక్కడ ఖాళీగా కూర్చుని మీరు చేసిన పనేంటి? కందిరీగకి గది అద్దెకివ్వడం!

మీ పక్కన సన్నటి బొక్కలోంచి నీటి ధార చిమ్ముతుంటేనే కదా, లోపల సముద్రపు నీళ్లు తిరిగి మిమ్మల్ని చల్లబరుస్తున్నాయని మాకు తెలిసేది. 15న తెల్లారగట్ల తాడు లాగితే మోగారు గానీ, ధార లేదు. సైకిల్ చువ్వ పెట్టి పొడిస్తే ఎండిన మట్టిగూడు పొడిపొడిగా రాలింది. తర్వాత నూలుపోగంత ధార వచ్చింది. చాల్లే అనుకున్నాను. ఒడ్డు ఇంకా కనపడుతుండగానే పెయింటు కాలిన వాసన. దోసిట్లో నీళ్లు మీ నెత్తిన చల్లితే సుయ్యిమన్నాయి. మిమ్మల్ని ఆపేసి తెడ్డేసుకుంటూ వస్తుంటే పక్కనుంచి తెప్పవాడొకడు, "ఏం మావా, నీకింకా నిషేధం ఎత్తలేదా?" అన్నాడు.

మెకానిక్ కుర్రాడు వేడిని బట్టి నీళ్లకి దారి తెరిచే మీ థర్మోస్టాట్ ఊడదీసి, దారం కట్టి, టీ కొట్టు గిన్నెలో మరిగే నీళ్లలో వేలాడదీశాడు. వేడికి నోరు తెరవాలట. బుద్ధిగా తెరిచింది. (ఆ గిన్నె కడిగారో లేదో, నేను మాత్రం ఆ పూట టీ తాగలేదు.) దాని తప్పు కాదని తేలాక నీటి పంపు విప్పాడు. లోపల తిరుగుతూ నీళ్లు తోసే రబ్బరు చక్రం, ఇంపెల్లర్‌కి ఆరు రెక్కలుండాలి, మూడే ఉన్నాయి. ఆ మూడూ ఒకే వైపుకి వంగి బిగుసుకుపోయాయి. వేలితో తోసినా లేవలేదు. రెండు నెలలు ఉప్పు పట్టి, ఒకే భంగిమలో ఎండిపోతే రబ్బరు మాత్రం ఏం చేస్తుంది? కొత్తది వేసి డ్రమ్ములో నడిపితే మళ్లీ అదే నూలుపోగు.

"బాబాయ్, పోయినవి మూడు రెక్కలు. పంపులో దొరికినవి రెండు ముక్కలు. మూడోదేది?" అని తల గోక్కుని, "నీళ్లు లేకుండా ఒడ్డు మీద ఎవరైనా మోగించారా?" అన్నాడు.

నేను మా మనవడి వైపు చూశాను. వాడికి నాలుగేళ్లు.

అల్లుడుగారూ, అప్పుడు మీరు నోరు విప్పలేదు, ఆ మేలు మర్చిపోను. మొన్న బావమరిది వచ్చినప్పుడు, తాడు ఒక్కసారి లాగితే చాలని పందెం కాసి వసారాలోనే మిమ్మల్ని మోగించింది నేనే. యాభై రూపాయలు గెలిచాను. నీళ్లు లేని పంపులో ఆ రబ్బరు చిరగడానికి అరనిమిషం చాలని కుర్రాడు చెబుతుంటే, ఎవరి గురించో అన్నట్టు తలూపుతూ విన్నాను. ఏప్రిల్ 14 సాయంత్రం డ్రమ్ములో మంచినీళ్లు పోసి పది నిమిషాలు నడిపి, ఉప్పు కడిగి పెట్టమని మా ఆవిడ చెప్పింది. రేపు చూద్దాంలే అన్నాను. ఆ రేపటికి 61 రోజులు పట్టింది.

మూడో ముక్క నీళ్లు పైకెక్కే గొట్టంలో దొరికింది, చింతగింజంత. అది తీశాక ధార కొళాయిలా కొట్టింది. ముక్కని గుట్టుగా జేబులో వేసుకున్నాను.

మిగతాది సముద్రంలో మనిద్దరమే ఉన్నప్పుడు మాట్లాడుకుందాం. ఇంట్లో ఎవరడిగినా తప్పు కందిరీగది.

ఇట్లు,
మీ మావ