కోట తలుపు తీసిన విలేజర్ గారికి

మహారాజశ్రీ విలేజర్ గారికి,

తమరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా ఉండే అవకాశం లేదని తెలుసు. ఈ మధ్యాహ్నమే కంప్యూటర్ ఆటలో ఒక ఫ్రాంకుల నైటు, అంటే గుర్రపు యోధుడు, తమరిని చెట్టు పక్కన నరికేయడం కళ్లారా చూశాను. అయినా ఉత్తరం అలాగే మొదలుపెట్టాలని చిన్నప్పుడు నేర్పారు కాబట్టి రాశాను.

మా బావమరిది కొడుకు సెలవులకని కూకట్‌పల్లిలో మా ఇంటికి వచ్చాడు. పదో తరగతి. "మామయ్యా, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఒక్క గేమ్ ఆడదాం, ఈజీనే" అన్నాడు. ఊరు కట్టుకుని, సైన్యాన్ని పెంచుకుని ఎదుటివాడి ఊరిని కూల్చే ఆట అది. అందులో పనులన్నీ చేసే మనిషే విలేజర్, అంటే తమరు. అన్నం తిని కూర్చున్నాం. టీ వేళకి నా సామ్రాజ్యం బూడిదైంది. చివర్లో వాడు పక్క గదిలోంచి 11 అని కొట్టాడు. ఆ ఆటలో 11 కొడితే ఎదుటివాడికి విరగబడి నవ్వే శబ్దం వినిపిస్తుంది. మా ఇంట్లో, మా కరెంటుతో, నేను కొన్న స్పీకర్లలోంచి నన్ను చూసి నవ్వారు. దానికి కారకులు తమరు.

తమరి మీద చిల్లర ఫిర్యాదులు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోను. అడవిపంది మీదికి పంపితే చచ్చిపోయారు. సరే, పంది కదా. పొలిమేరలో తిరుగుతున్న నా గొర్రెలను వాడి గుర్రపు రౌతు వచ్చి తోలుకుపోతే తమరు అటు తలైనా తిప్పలేదు. పోనీ, వాటికి నా ముద్ర లేదు. ఇల్లు కట్టమంటే కడతారు. కట్టాక ఆ గోడ పక్కనే చేతులు వేలాడేసుకుని నిలబడతారు. ఖాళీగా ఉన్న విలేజర్లు ఎంతమందో చూపించే గుర్తు తెర మీద నా ప్రాణం తీస్తూనే ఉంది. మా కూకట్‌పల్లి అడ్డా మీద పొద్దున్నే నిలబడే మనిషి పని దొరక్క నిలబడతాడు. తమరేమో ఎదురుగా బంగారు గని, పక్కన పొలం, వెనక అడవి పెట్టుకుని నిలబడతారు. తలకి 50 చొప్పున ఆహారం ఖర్చుపెట్టి తెచ్చుకున్నది ఈ భాగ్యానికా?

వద్దనుకుంటూనే చెప్పేశాను. అసలు సంగతి గేటు.

ఊరి చుట్టూ రాతి గోడ కట్టించాను. గోడకి గడికో 5 రాళ్లు, గేటుకి 30. ఆట మొదట్లో చేతిలో పెట్టేది 200 రాళ్లే. మిగతాదంతా తమరి తోటివాళ్లు గునపాలతో తవ్వి, మోసుకొచ్చి, పేర్చినదే. గోడ పూర్తయ్యేసరికి వాడి నైట్లు వచ్చారు. బయట గుర్రాలు తిప్పుకుంటూ ఉన్నారు. లోపలికి దారి లేదు. రాతి గోడని కత్తులతో కొడితే ఎప్పటికి పడేను? నా చెయ్యి మీసం మీదికి పోయింది. "ఏమిరా, రావేం?" అని పక్క గదికి కేకేశాను కూడా.

సరిగ్గా అప్పుడే గోడ లోపలి చెట్లు అయిపోయాయి. ఇల్లు కట్టాక పుల్ల కూడా ఎత్తని తమరు, చెట్టు అయిపోతే మాత్రం ఎవరూ చెప్పకుండానే ఇంకో చెట్టు వెతుక్కుంటారు. ఆ చెట్టు గోడ అవతల ఉంది. తమరు గొడ్డలి పట్టుకుని బయల్దేరారు. సొంత మనిషి వస్తే గేటు దానంతట అదే తెరుచుకుంటుంది. తెరుచుకుంది. అది తెరిచి ఉన్నంతసేపూ శత్రువుకీ దారే. ఒక గుర్రం గేటు కింద నిలబడిందా, ఇక అది మూసుకోదు కూడా.

బయట ఎవరున్నారో చూశారా? చూసే వెళ్లావా? కత్తులు దూసుకుని గుర్రాల మీద అంతమంది తిరుగుతుంటే వాళ్ల మధ్యలోంచి కట్టెల కోసం నడుచుకుంటూ పోయావు కదయ్యా! (నువ్వు అనేశాను. అననీ.)

మేం గోల్కొండ ఉన్న ఊరివాళ్లం. కోట తలుపుల గురించి మాకు ఒకరు చెప్పక్కర్లేదు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ఆ కోటని ముట్టడించాడు. ఫిరంగులు పనిచేయలేదు. బురుజు కింద సొరంగం తవ్వి మందు కూరితే అది వెనక్కి పేలి మొగలు సైనికులే పోయారు. పైన వానలు, కింద కరువు. చివరికి కోట ఎలా పడింది? అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు రాత్రిపూట తలుపు తీయించాడు. మూడొందల ఏళ్లు దాటినా ఈ ఊళ్లో గైడ్లు అతన్ని తిడుతూనే ఉన్నారు. అయితే ఒకటి, అతను డబ్బు పుచ్చుకున్నాడు. ద్రోహానికి అదొక లెక్క. నువ్వు నయాపైసా తీసుకోకుండా, ఏ కుట్రా లేకుండా, కట్టెల కోసం తీశావు. అబ్దుల్లా ఖాన్‌ని కనీసం ద్రోహి అనొచ్చు. నిన్ను ఏమని తిట్టాలో కూడా తెలియదే!

గోల్కొండ సుల్తాను తానీషా మొగలు సర్దార్లు లోపలికి వచ్చాక కూడా తాపీగా పొద్దుటి భోజనం ముగించాడని చెబుతారు. నాకు గొంతులో టీ దిగలేదు.

గేటు తెరుచుకున్నాక ఏమైందో నీకు తెలియదు, అప్పటికే పోయావు. నేను గంట కొట్టాను. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దాకా వినిపిస్తుంది, పైవాళ్లు సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది. నా ఊళ్లో గంట కొట్టగానే అందరూ పొలాలు వదిలేసి ఊరి నడిమి భవనం టౌన్ సెంటర్‌లోకి పరుగెత్తారు. అందులో పట్టేది పదిహేను మంది. మిగిలినవాళ్లు తలుపు ముందు నిలబడ్డారు. నైట్లకి ఇంకేం కావాలి?

ఒక్కడు మాత్రం, పొలం మీద ఉన్నవాడు, చిన్న కత్తి పట్టుకుని నైటు మీదికి వెళ్లాడు. రెండు దెబ్బలు వేసి పోయాడు. నీలాంటివాడే, అదే చొక్కా, అదే మొహం. గోల్కొండలో తానీషా సర్దారు అబ్దుల్ రజాక్ లారీ కూడా లంచం కాదని, ఒళ్లంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. ఆ పొలం వాడిని చూసినప్పుడు మాత్రం నాకు నీ జాతి మీద కొంచెం గౌరవం కలిగింది. నీ మీద కాదు.

ఆట అయ్యాక మావాడు వచ్చి, "గేటుకి లాక్ బటన్ ఉంటుంది కదా మామయ్యా" అన్నాడు. లాక్! ఆహారం నేను చూడాలి, బంగారం నేను చూడాలి, ఇళ్లు సరిపోతున్నాయో లేదో నేను చూడాలి, చివరికి తలుపు గడియ కూడా చక్రవర్తే పెట్టుకోవాలన్నమాట. ఈ ఆట 1999లో వచ్చింది. 2019లో బొమ్మలన్నీ కొత్తగా గీసి డెఫినిటివ్ ఎడిషన్ అన్నారు. నీ గొడ్డలికి మెరుపు వచ్చింది. నీ తలకాయ దగ్గరికి వచ్చేసరికి రంగు అయిపోయిందేమో!

ఇంకో బాధ కూడా ఉంది, కడుపులో పెట్టుకోను. 2022లో ఈ ఆటకి డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అని కొత్త భాగం వస్తే అందులో ద్రవిడులు ఉన్నారని అభిమానంతో వాళ్లనే ఎంచుకున్నాను. నిన్ను నొక్కితే తమిళంలో పలికావు. జాబితా అంతా వెతికాను, కాకతీయులు లేరు. పోనీ, ఊట్జ్ స్టీల్ అని ఒక విద్య ఉంది, దానితో మన సైనికుల కత్తులకి ఎదుటివాడి కవచం అడ్డే కాదు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు మన నిజామాబాద్ పక్కన కోనసముద్రం దాకా వచ్చేవాళ్లు. సొంతూరి ఉక్కుతో ఫ్రాంకులని చీరేద్దామని ఎంత ఆశపడ్డానో! అది దొరకాలంటే ఆటలో చివరి యుగం, ఇంపీరియల్ ఏజ్ రావాలి. ఇంపీరియల్ ఏజ్ రావాలంటే ఊరు మిగలాలి. ఊరు మిగలాలంటే ఒరేయ్, నువ్వు ఆ ఒక్క చెట్టు దగ్గరికి పోకుండా ఉండాలిరా!

ఇప్పుడు వాడు వంటింట్లో మా ఆవిడకి చెబుతున్నాడు, "మామయ్య గేట్ ఓపెన్ పెట్టేశాడు అత్తా" అని. నేను పెట్టానట! ఈ లొల్లి రేపటికల్లా మా అత్తగారింటి దాకా వెళుతుంది. అక్కడ నీ పేరు ఎవరూ ఎత్తరు.

రాత్రి అన్నాలయ్యాక మళ్లీ ఆడదామన్నాను. ఈసారి గోడ కడతాను, గేటు కట్టను. లోపల ఉన్న చెట్లే కొట్టుకో. అయిపోయాక నిలబడు. అది నీకు బాగా వచ్చిన పనే.

ఇట్లు,
నీ మాజీ చక్రవర్తి,
కూకట్‌పల్లి