ఒక్క పెన్ను అడిగినందుకు

ఇవాళ మా బీటెక్ మొదటి రోజు. రాత్రి పదకొండున్నర దాటింది. రూమ్‌లో మిగతా ముగ్గురూ గురక పెడుతున్నారు, నాకు మాత్రం కోపంతో నిద్ర రావడం లేదు. కాబట్టి ఈ పోస్టు కాస్త పొడుగవుతుంది. ఓపిక లేనివాళ్లు ఇక్కడి నుంచే వెళ్లిపోవచ్చు, ఏమీ అనుకోను.

నేను చేసిన నేరం ఏమిటంటే, పెన్ను అడిగాను.

మొదటి నుంచి చెప్తా. పొద్దున ఆడిటోరియంలో ఓరియెంటేషన్. చైర్మన్ గారు గంటా ఇరవై నిమిషాలు మాట్లాడారు. అందులో గంట తను కాలేజీ ఎలా కట్టారో, ఇరవై నిమిషాలు మేము ఎలా ఉండకూడదో. తర్వాత తెర మీద ఒక సీనియర్ ఫొటో, కింద 44 లక్షల ప్యాకేజీ. పేరెంట్స్ అందరూ చప్పట్లు. మా నాన్న అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆ ఫొటోని నేను ఇదివరకే మా ఊరి బస్టాండ్ ఫ్లెక్సీ మీద, పేపర్ యాడ్‌లో, ప్రాస్పెక్టస్ అట్ట మీద చూశా. అంత పెద్ద బ్యాచ్‌లో ఒక్కడి ఫొటోనే తిప్పి తిప్పి చూపిస్తారేంటో. మిగతావాళ్లంతా కెమెరా అంటే సిగ్గుపడే రకం కాబోలు.

తర్వాత క్లాసుకి పంపారు. ఎడమ పక్క అబ్బాయిలు, కుడి పక్క అమ్మాయిలు, మధ్యలో మిరపకాయ బస్తాల లారీ పట్టేంత దారి. ర్యాగింగ్ చేయను అని హామీ పత్రం ఇచ్చి నింపమన్నారు. బ్లాక్ పెన్నుతోనే నింపాలట. నా దగ్గర ఉన్నది బ్లూ. పక్కవాడి దగ్గర బ్లూ. వెనకవాడి దగ్గర అసలు పెన్నే లేదు. వాడు కాలేజీకి పవర్ బ్యాంక్ ఒక్కటే తెచ్చుకున్నాడు. దారికి అవతల ఒకమ్మాయి పౌచ్‌లో అరడజను పెన్నులు కనిపించాయి. కొంచెం వంగి, గొంతు తగ్గించి అడిగా.

"ఏవండీ, బ్లాక్ పెన్ను ఉందా?"

ఏం తెలుసు నాకు? ఇంటర్ రెండేళ్లూ బాయ్స్ క్యాంపస్. తెలియని అమ్మాయిని 'ఏయ్' అంటే బాగోదు, 'హలో' అంటే సినిమా డైలాగులా ఉంటుంది, 'సిస్టర్' అంటే నాకే నవ్వొస్తుంది. మా ఇంట్లో నేర్పిన మర్యాద ప్రకారం 'ఏవండీ' అన్నా. ఆ అమ్మాయి పాపం మాట్లాడకుండా పెన్ను తీసి ఇచ్చింది. అంతే. మొత్తం కలిపి నాలుగు సెకన్లు.

అప్పుడే గుమ్మంలో డిసిప్లిన్ ఇన్‌చార్జ్.

"ఏవండీ అంట! మొదటి రోజే ఏవండీ దాకా వచ్చేశావా? పెళ్లి శుభలేఖ ఎప్పుడు?"

అరవై మంది నవ్వారు. నన్ను లేపి, పేరు, ర్యాంకు, ఊరు అడిగి, ఇంకా తాడు కూడా మడత పడని ఐడీ కార్డు లాక్కుని బయట నిలబెట్టారు. ఆ అమ్మాయిని కూడా లేపి, "నీకు పెన్నులు పంచే ఉద్యోగమా?" అన్నారు. నేను ఓర్చుకుంటా, తిట్లు తినే అనుభవం రెండేళ్లు ఉంది. ఆ అమ్మాయి డెస్కు మీద తలపెట్టుకుని పీరియడ్ అయ్యేదాకా ఎత్తలేదు. దానికి కారణం నేనా, ఆయనా? మీరే చెప్పండి.

ఇప్పుడు అసలు జోకు. నన్ను నిలబెట్టిన చోట గోడకి ఒక పెద్ద బోర్డు. ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం, 1997. విద్యార్థిని ఆటపట్టించినా, సిగ్గుపడేలా చేసినా, అవమానించినా 6 నెలల వరకు జైలు, లేదా 1000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కింద యూజీసీ (యూనివర్సిటీలను చూసుకునే కేంద్ర సంస్థ) హెల్ప్‌లైన్ నంబరు. 1800-180-5522. అరగంట నిలబడ్డా కాబట్టి బట్టీ వచ్చేసింది. లోపల అరవై మంది 'నేనెవరినీ అవమానించను' అని రాసి సంతకాలు పెడుతున్నారు, బయట నేను ఆ బోర్డు చదువుకుంటున్నా. సీనియర్లు నన్ను ర్యాగింగ్ చేస్తారని మా అమ్మ భయపడి మొక్కులు మొక్కింది. అమ్మా, సీనియర్లు మంచోళ్లే. మెస్‌లో పెరుగు ఎప్పుడు అయిపోతుందో ముందే చెప్పారు.

సరే, ఇక్కడితో అయిపోయుంటే నేనీ పోస్టు రాసేవాడిని కాదు. నవ్వారు, నవ్వించుకున్నా, అంతే అనుకునేవాణ్ణి.

"మీ నాన్న ఇంకా వెళ్లలేదుగా, పిలిపించండి" అన్నారు డిసిప్లిన్ సార్.

నాన్న గేటు బయట వేపచెట్టు కింద నాలుగింటి బస్సు కోసం కూర్చున్నాడు. మాకు ఇది మిరప నారు నాటే టైమ్. పొలంలో ఎనిమిది మంది కూలీలను అమ్మకి వదిలేసి, రెండు బస్సులు మారి వచ్చాడు. పెళ్లిళ్లకి మాత్రమే తీసే తెల్ల చొక్కా వేసుకున్నాడు. సెక్యూరిటీ అతను వచ్చి "మీవాడి గురించి పిలుస్తున్నారు" అనేసరికి నాకేమైనా అయిందేమోనని పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెప్పులు స్టాఫ్ రూమ్ బయట విప్పాడు. లోపల అందరూ బూట్లతోనే ఉన్నారు.

"మావోడు అట్టాంటోడు కాదు సార్" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఎట్టాంటోడు నాన్నా? పెన్ను అడిగేవాడా?

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లు తాగాడంటారని మా తాత అనేవాడు. నేను పాలు కూడా తాగలేదండీ, గ్లాసు అడిగా. సార్ పది నిమిషాలు లెక్చర్ ఇచ్చారు. ఈ వయసు మంచిది కాదు, మీరు కష్టపడి చదివిస్తున్నారు, మా కాలేజీకి ఒక పేరుంది, వగైరా. నాన్న ప్రతిదానికీ తలూపాడు. చివర్లో పేరెంట్ కూడా ఒక హామీ పత్రం మీద సంతకం పెట్టాలన్నారు. బ్లాక్ పెన్నుతోనే. నాన్న జేబు తడుముకున్నాడు. లేదు. నేను నా జేబులోంచి ఆ అమ్మాయి పెన్నే తీసిచ్చా. దాంతోనే పెట్టాడు. అది ఎవరి పెన్నో సార్ గమనించలేదు. గమనించి ఉంటే మా తాతని కూడా పిలిపించేవారు.

మధ్యాహ్నం మళ్లీ క్లాసు. ఇండక్షన్ ప్రోగ్రామ్‌లో భాగంగా మానవ విలువలు. మనుషుల మధ్య సంబంధాలకు పునాది నమ్మకం, ఆ తర్వాత గౌరవం అని స్లైడ్ వేశారు. క్లాసు తీసుకున్నది ఎవరో ఊహించండి. అవును, ఆయనే.

ఇంటర్లో మాకు ఏం చెప్పారో గుర్తుందా? మీ అందరికీ ఇదే చెప్పి ఉంటారు. "ఈ రెండేళ్లు కష్టపడండి, తర్వాత బీటెక్‌లో మీ ఇష్టం." పొద్దున ఐదున్నరకి స్టడీ అవర్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, ఆదివారం టెస్టు, సోమవారం ర్యాంకుల జాబితా గోడ మీద. కిటికీలకి గ్రిల్స్. జ్వరమొస్తే మాత్ర ఇచ్చి సిక్ రూమ్‌లో కూడా పుస్తకం చేతికిచ్చేవాళ్లు. అవన్నీ ఎందుకు భరించాను? 'తర్వాత నీ ఇష్టం' అన్నారని. ఇప్పుడు చూస్తే గ్రిల్స్ లేవు, దానికి బదులు ఈయన ఉన్నాడు. ఇక్కడేమంటున్నారో తెలుసా? "ఈ నాలుగేళ్లు క్రమశిక్షణగా ఉండండి, ఉద్యోగం వచ్చాక మీ ఇష్టం." ఉద్యోగంలో చేరాక పెళ్లయ్యేదాకా అంటారు. నా ఇష్టం ఎప్పుడొస్తుందో ఎవరైనా తేదీ చెప్పండి, క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటా.

ఇష్టం అంటే గుర్తొచ్చింది. అసలు ఈ కాలేజీ నా ఇష్టం కాదు. నాకు మెకానికల్ కావాలి. చేలో మందు కొట్టే మా పెట్రోల్ తైవాన్ పంపు ఆగిపోతే తొమ్మిదో తరగతి నుంచీ విప్పి బాగుచేసేది నేనే. కార్బొరేటర్ శుభ్రం చేశాక ఒక్క లాగుకి స్టార్టయినప్పుడు వచ్చే ఆనందం నాకు ఏ వీక్లీ టెస్టులోనూ రాలేదు. నరసరావుపేట జేఎన్టీయూ కాలేజీలో మెకానికల్ మొదటి ఆప్షన్ పెడదామనుకున్నా. కానీ వెబ్ ఆప్షన్ల రోజు, అంటే ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్లో వరసగా పెట్టే రోజు, మా మావయ్య హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు.

"మెకానికలా? నాలుగేళ్లు చదివి బైకులు రిపేరు చేస్తావా? నాకు పాస్‌వర్డ్ పంపు, నేను పెడతా."

నాన్న పంపించమన్నాడు. మావయ్య సాఫ్ట్‌వేర్ కదా, ఆయనకే తెలుస్తుందిలే అన్నాడు. నలభై రెండు ఆప్షన్లు పెట్టాడు మహానుభావుడు. నలభై రెండూ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), సీఎస్‌ఈ ఏఐఎంఎల్, సీఎస్‌ఈ డేటా సైన్స్, సీఎస్‌ఈ సైబర్ సెక్యూరిటీ. ఒకే ఇడ్లీ పిండితో నాలుగు టిఫిన్లు. అప్పుడు నేను గట్టిగా ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఇక్కడ ఏఐఎంఎల్ 'సి' సెక్షన్‌లో కూర్చున్నా. మొదటి ఏడాది అందరికీ బేసిక్ సివిల్ అండ్ మెకానికల్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది, అది చూసి, "నీ మెకానికల్ నీకు దొరికిందిగా" అని నవ్వుతాడు మావయ్య. అది కూడా సగమే, మిగతా సగం సివిల్.

మారిపోదామంటే కూడా కుదరదు. టెన్త్ నుంచి టీసీ దాకా ఒరిజినల్స్ అన్నీ ఆఫీసులో తీసుకున్నారు. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట కౌంటర్లో అన్నా. క్లర్కు నా వైపు చూసిన చూపు డిసిప్లిన్ సార్ చూపు కంటే నయం, అంతే. "యూజీసీకే వెళ్లి చేరు బాబూ" అన్నాడు.

నాన్న వెళ్లేటప్పుడు గేటు బయట కొట్లో ఐదు రూపాయల బ్లాక్ పెన్నులు నాలుగు కొనిచ్చాడు. తిడతాడేమో అనుకున్నా, తిట్టలేదు. "ఎవుర్నీ ఏం అడగబాకయ్యా, ఏం కావాలన్నా నాకు ఫోన్ జెయ్యి" అన్నాడు. నా క్లాసు అయ్యేదాకా ఆగేసరికి నాలుగింటి బస్సు వెళ్లిపోయింది, ఆరింటి బస్సెక్కాడు. చీకటి పడ్డాక ఇంటికెళ్లి కూలీల లెక్క చూసుకుని ఉంటాడు. పరిగెత్తుకుంటూ వచ్చినందుకు ఆ తెల్ల చొక్కా వీపంతా తడిసిపోయింది. నా కోపమంతా అదే. సార్ అన్న మాటలు రేపటికి మర్చిపోతా.

మర్చిపోనిస్తే కదా. హాస్టల్లో అప్పుడే నా పేరు 'ఏవండీ' అయిపోయింది. మెస్‌లో సాంబారు వడ్డించే అన్న కూడా "ఏవండీ, ఇంకొంచెం వెయ్యనా?" అన్నాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఒక సమస్య వచ్చింది. ఇందాక ప్యాంటు మడత పెడుతుంటే జేబులోంచి ఆ అమ్మాయి పెన్ను పడింది. నాన్న కొన్న ఐదు రూపాయల రకం కాదు, మంచి జెల్ పెన్ను, క్యాప్ మీద చిన్న పసుపు స్టిక్కర్ ఉంది. తిరిగిచ్చేయాలి. ఇవ్వాలంటే దారి దాటాలి, దాటితే మాట్లాడాలి, మాట్లాడితే నాన్న మళ్లీ రెండు బస్సులు మారాలి. ఇవ్వకపోతే దొంగతనం. రేపు పొద్దున తొమ్మిదింటికి క్లాసు. ఆలోపు ఎవరికైనా ఏమైనా తడితే చెప్పండి.