బేగూరు రాయి మీది పేరు

బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉద్యోగాలకు వెళ్లే తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ దారికి దగ్గర్లోనే బేగూరు. అక్కడి పంచలింగ నాగేశ్వర ఆలయంలో సుమారు 1100 ఏళ్ల నాటి పాత కన్నడ శాసనం ఒకటి ఉంది. నాగత్తరుడి ఇంటికి చెందిన బుట్టణసెట్టి ‘బెంగుళూరు కాళగం’లో చనిపోయాడని దాని మీద చెక్కారు. కాళగమంటే యుద్ధం. బెంగళూరు పేరు కనిపించే అతి పాత ఆధారాల్లో అదొకటి. ఇంత పెద్ద నగరం పేరు అంత పాత కాలం నుంచి మనదాకా వచ్చింది ఒక చావు కబురులోనే.

పోయినవాడి పేరు, పోయిన చోటు. ఆనాటి వాళ్లు ఈ రెండూ మరిచిపోకుండా రాశారు. మనం ఆ రెండూ వదిలేస్తున్నామని నా బాధ.

మా అపార్ట్‌మెంట్‌లో జులై 26న కార్గిల్ విజయ్ దివస్ చేశాం. జెండా ఎగరేశాం, దేశభక్తి పాటలు పెట్టాం, పిల్లలకు స్వీట్లు పంచాం. మనవాళ్లు 527 మంది ప్రాణాలు పోయిన యుద్ధం అది. ఆ గంటసేపట్లో ఒక్కరి పేరు కూడా ఎవరి నోటా రాలేదు. నేనూ పలకలేదు. ‘మన వీర జవాన్లు’ అన్నాం, అక్కడితో సరిపోయింది.

మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్ కుర్రాడు, ఉస్మానియాలో చదివాడు. 2 రాజపుతానా రైఫిల్స్‌లో పనిచేస్తూ 1999 జూన్ 28న, కార్గిల్ యుద్ధంలో, తోలోలింగ్ ప్రాంతంలో లోన్ హిల్ కోసం జరిగిన పోరులో చనిపోయాడు. దానికి సరిగ్గా వారం ముందే 30 ఏళ్లు నిండాయి. తర్వాత మహావీర చక్ర ఇచ్చారు. ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నన్ను పట్టుకున్నది మాత్రం జూన్ 19న ఆయన తండ్రికి రాసిన ఉత్తరం. అప్పటికి భార్య గర్భవతి. ఆమెకు రోజుకో మహాభారత కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయని అందులో రాశాడు. చుట్టూ గుండ్లు పడుతున్న చోట కూర్చుని, ఇంట్లో సాయంత్రాలు ఎలా గడవాలో ఆలోచించిన మనిషి ఆయన. పాప పుట్టేసరికి ఆయన లేడు.

ఈ ఉత్తరం చదివాక ‘వీరమరణం’ అనే మాట నాకు చాలడం లేదు. ఆ మాట తప్పు కాదు. కానీ అది అనేశాక ఇక దుఃఖపడాల్సింది ఏమీ మిగల్లేదన్నట్టు లేచి వెళ్లిపోతున్నాం. బిడ్డ పోయిన ఆ తేదీ భారం ఏటేటా తల్లిదండ్రుల మీదే పడుతోంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ వాళ్లు మన దేశంలో చాలా ఊళ్లలో ఫలకాలు పెట్టారు. ఈ ఊరి నుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, వాళ్లలో ఇంతమంది ప్రాణాలిచ్చారు, అంతే. అంకెలున్నాయి, పేర్లు లేవు. పరాయి పాలకులు లెక్క రాసుకుని ఊరుకున్నారంటే అర్థం చేసుకోగలను. మన పిల్లల్ని మనమే 527 అని చెప్పుకుని ఊరుకోవడం నాకు మింగుడుపడదు.

మనకు ఇది చేతకాక కాదు. పల్నాడులో కారెంపూడికి కార్తీక మాసంలో వెళ్లి చూడండి. 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధంలో చనిపోయిన వీరుల కోసం ఐదు రోజులు ఉత్సవం చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు, రోజుకో తంతు. బాలచంద్రుడి కత్తితో పాటు అతని బొంగరాలాట కూడా అక్కడి ముసలివాళ్లకు తెలుసు. యుద్ధం కబురు చెవిన పడకుండా తల్లి దాచిపెట్టిన సంగతీ తెలుసు. అతని భార్య మాంచాల గడప దగ్గర ఏం జరిగిందో కథగా చెబుతారు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా అతను వాళ్లకు ఇంటి పిల్లాడే.

బెంగళూరులో తెలుగువాళ్లం ఉగాది చేసుకుంటాం, కార్తీక వనభోజనాలకు బస్సులు మాట్లాడుకుంటాం. ఉల్సూరులో మద్రాస్ సాపర్ల (సైన్యంలోని ఇంజినీరింగ్ దళం) కేంద్రం ఉంది. అక్కడ శిక్షణ పొందేవాళ్లలో మన జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లూ ఉంటారు. ఏడాదిలో ఒక సాయంత్రం, ఒక్క పేరు కోసం కూర్చోలేమా?

వచ్చే జూన్ 28న మా క్లబ్‌హౌస్‌లో ఆ ఉత్తరం చదువుదామని నలుగురిని అడిగాను. ఇద్దరు సరేనన్నారు. ఉత్తరం ఇంగ్లిష్‌లో ఉంది. పిల్లలకు అర్థమయ్యేలా తెలుగు చేస్తున్నాను. పదో తరగతి చదివే పక్కింటి అమ్మాయి తనే చదువుతానంది.