మందు కొట్టని మందు

మొన్న శనివారం ఫ్రాన్సులోని తులూజ్‌లో ఒక మిత్రుడి ఇంట్లో భోజనాలు. పులిహోర, గుత్తివంకాయ, నడుమ రెండు ఎర్ర వైన్ సీసాలు. మిత్రుడు సీసా వెనక్కి తిప్పి సేంద్రియ పంటకు యూరప్‌లో వేసే ఆకుపచ్చ ఆకు గుర్తు చూపించి, "ఇది మందు కొట్టని మందు" అన్నాడు. అందరం నవ్వాం. మాట చమత్కారంగానే ఉంది. ఇంటికి వచ్చాక మాత్రం చిరాకు మొదలైంది, ఇప్పటికీ తగ్గలేదు. ఆ మాట అబద్ధం. ఆ అబద్ధానికి మూల్యం చెల్లించేది వాడు కాదు, ఆ ద్రాక్ష పండించిన మనిషి.

నేను ద్రాక్ష రైతు కొడుకుని. మా నాన్న శామీర్‌పేట దగ్గర అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు వేసేవారు. (ఇప్పుడక్కడ రాతి స్తంభాలు కూడా లేవు, ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి.) తెగుళ్ల మందు ఆయనే కలిపేవారు: కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో, కిలో సున్నం ఇంకో దానిలో, రెండూ కలిపి వంద లీటర్లు. కలిపాక కొడవలి కొసను అందులో ముంచి పైకి తీసి చూసేవారు. ఇనుము మీద ఎర్రగా రాగి పొర అంటితే సున్నం చాలలేదని అర్థం, కొడితే ఆకులు మాడతాయి. బోర్డో మిశ్రమం అంటే అదే. ఆ బోర్డో ఒక ఊరని, అది ఫ్రాన్సులో ఉందని నాకు ఇరవై ఏళ్లు వచ్చాక తెలిసింది.

దాని పుట్టుక భలే కథ. బోర్డో దగ్గర మెడాక్ ప్రాంతంలో దారి పక్క ద్రాక్షను బాటసారులు కోసుకుపోతుంటే, చూడటానికి విషంలా ఉండాలని రైతులు ఆ వరసల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. 1882లో మిల్లార్డె అనే వృక్షశాస్త్రజ్ఞుడు అటు వెళ్తూ గమనించాడు: బూజు తెగులుకు తోటంతా ఆకు రాలిపోయింది, దారి పక్క వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. 1885లో ఆ మిశ్రమాన్ని ప్రకటించాడు. అమెరికా నుంచి వచ్చిన ఆ తెగులును తట్టుకునే శక్తి యూరప్ ద్రాక్ష తీగకు లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందుకే సేంద్రియ తోటలో కూడా మందు కొడతారు. రాగి, గంధకం. పైగా రసాయనాల రైతు కంటే ఎక్కువసార్లు కొట్టాల్సి రావచ్చు. రాగి ఆకు పైపైనే ఉంటుంది, మొక్క లోపలికి పాకదు. గట్టి వాన పడితే కడుక్కుపోతుంది. మళ్లీ ట్రాక్టరు, మళ్లీ డీజిల్.

తులూజ్‌కు గంట దూరంలో గయాక్ దగ్గర నేను వైన్ కొనే ఒక పెద్దావిడ ఉన్నారు. తొమ్మిది హెక్టార్లు, అంటే మన లెక్కలో ఇరవై రెండెకరాలు. మోజాక్, దురాస్, బ్రోకోల్ అని ఆ నేలకే చెందిన ద్రాక్ష రకాలు. 2023 జూన్‌లో వానలు వదలకుండా పడి నైరుతి ఫ్రాన్సులో బూజు తెగులు విజృంభించిన వేసవిలో వెళ్లాను. వంటగది గోడకు అగ్నిమాపక దళం వాళ్లు ఇంటింటికీ తిరిగి అమ్మే క్యాలెండరు. ప్రతి తేదీ గడిలో పెన్సిల్‌తో రెండు అంకెలు: పైన పడిన వాన మిల్లీమీటర్లు, కింద కొట్టిన రాగి గ్రాములు. గ్రాములు! ఎందుకంటే 2019 నుంచి యూరప్ నియమం ప్రకారం ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోల రాగి మించకూడదు. సగటున ఏడాదికి 4 కిలోలు. మైలుతుత్తంలో రాగి నాలుగో వంతే కాబట్టి మన రైతు లెక్కలో 16 కిలోల మైలుతుత్తం. ఈ ఏడు ఎక్కువ వాడితే వచ్చే ఏడు కడుపు కట్టుకోవాలి. నియమం సరైనదే. రాగి కుళ్లదు, ఆవిరి కాదు, మట్టిలోనే పేరుకుంటుంది, వానపాములకు పడదు.

ఆ వంటగదిలోంచే నాన్నకు వీడియో కాల్ చేశాను. నీలిమచ్చల ఆకు చూడగానే ఆయన అడిగిన మొదటి మాట: "సున్నం చాలిందో లేదో కొడవలి ముంచి చూశారా?" నేను ఫ్రెంచిలో చెప్పాను. ఆవిడ నవ్వి, ఇప్పుడు కలిపిన పొడి సంచుల్లోనే వస్తుందని, వాళ్ల తాతగారు మాత్రం కత్తి ముంచేవారని చెప్పారు. ఒక్క ముక్క భాష కలవని ఇద్దరు రైతులు పావుగంట మాట్లాడుకున్నారు. ఆకు అడుగున తెల్ల బూజు ఎంత ఉందో ఆయన అక్కడి నుంచే అడిగి అడిగి చూశారు.

సేంద్రియం బూటకమని నేను అనడం లేదు. రసాయనాల వాళ్లు చంకలు గుద్దుకోనక్కర్లేదు. ఫ్రాన్సులోనే రైతులకు వచ్చే పార్కిన్సన్స్ వ్యాధిని పురుగుమందుల వల్ల వచ్చే వృత్తి వ్యాధిగా 2012లో గుర్తించారు. 2014లో బోర్డో ప్రాంతంలో ఒక బడి పక్క తోటలో మందు కొట్టిన రోజు పిల్లలకు తలనొప్పులు, వికారం వచ్చాయి. వాటికంటే ఆవిడ క్యాలెండరు నాకు వెయ్యి రెట్లు నయం. నా కోపం సీసా మీద అంటించే గుర్తుల మీద. హెచ్‌.వి.ఇ. అని ఒక గుర్తు ఉంది, పేరుకు "ఉన్నత పర్యావరణ విలువ". 2022 దాకా దాన్ని పొందే దారుల్లో ఒకదానికి ముఖ్యమైన షరతు ఏమిటంటే, మందులు, ఎరువుల వంటి కొనుగోళ్ల ఖర్చు మొత్తం రాబడిలో 30 శాతం దాటకూడదు. సీసా 50 యూరోలకు అమ్మేవాడు ఏం కొట్టినా ఆ లెక్క దాటడు. ఏడు యూరోలకు అమ్మేవాడు నిజాయితీగా ఉన్నా తంటాలు పడాలి. దీన్ని పర్యావరణ విలువ అనడానికి ఎంత ధైర్యం కావాలి! చివరికి ఆ దారి మూసేశారు, సంతోషం. కాని అప్పటికే ఎన్ని సీసాలు ఆ గుర్తుతో బల్లల మీదికి ఎక్కాయో.

అలాగని మందు కొట్టనన్న ప్రతివాడూ నాకు వీరుడేమీ కాడు. 2013లో బర్గండీలో ఎమాన్యుయెల్ జిబులో అనే రైతు, తీగలను చంపే ఒక తెగులును మోసే పురుగుకు మందు కొట్టమని ప్రభుత్వం ఆదేశిస్తే కొట్టనన్నాడు. మొదట 1,000 యూరోల జరిమానా, అందులో సగం షరతు మీద నిలిపేసి. 2014 డిసెంబరులో అప్పీలులో నిర్దోషిగా బయటపడ్డాడు. చుట్టుపక్కల తెగులు లేనప్పుడు తేనెటీగలను చంపే మందు ఎందుకన్న అతని ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ తెగులుకు చికిత్స లేదు, సోకితే తీగ పీకేయాల్సిందే. గట్టుకు అవతల ఉన్న రైతు భయం కూడా న్యాయమే. ఆ సంగతి తోట లేనివాళ్లకు తట్టదు. (ఆవు కొమ్ములో పేడ నింపి శీతాకాలమంతా పాతిపెట్టి, ఆ పేడను తోటకు వాడే పద్ధతి గురించి అడగకండి. గయాక్ పెద్దావిడ చేస్తారు. మా నాన్న మూడు రోజులు నవ్వారు, తర్వాత పంచగవ్యం గుర్తొచ్చి ఊరుకున్నారు.)

సేంద్రియానికి మారడానికి మూడేళ్లు. ఆ మూడేళ్లూ ఖర్చు సేంద్రియానిది, ధర మామూలుది. గడ్డిమందు మానేస్తే తీగ మొదలు చుట్టూ కలుపు తీయడానికి యంత్రమో గుర్రమో గొర్రెలో కావాలి. ఇంతా చేసి 2023 వేసవిలో ఆవిడకు సగం పంట పోయింది. ఆ ఏడాదే బోర్డోలో వైన్ అమ్ముడుపోక, తీగలు పీకేస్తే హెక్టారుకు 6,000 యూరోలు ఇస్తామని పథకం పెట్టారు. నాటడానికి కాదు, పీకడానికి.

నాకు ఆశ ఉన్నది ఇంకో చోట. ఫ్లోరెయాల్, ఆర్తబాన్, విదోక్, వోల్తిస్ అని తెగుళ్లను తట్టుకునే కొత్త రకాలకు 2018లో అనుమతి వచ్చింది. పిచికారీలు బాగా తగ్గుతాయి. ఆవిడ అర హెక్టారులో వేశారు. ఎవరూ కొనడం లేదు. పేరు ఎప్పుడూ వినలేదట! మందు కొట్టనిది కావాలనే మనం, నిజంగానే మందు తక్కువ పడేది దొరికితే పేరు చూసి వదిలేస్తాం.

వచ్చే శనివారం మళ్లీ గయాక్ వెళ్తున్నాను. ఆ కొత్త రకం తెల్ల వైన్ ఆరు సీసాల పెట్టె 54 యూరోలు. తులూజ్‌లో ఉన్నవాళ్లు ఎన్ని పెట్టెలో గురువారంలోగా చెప్పండి, కారులో పన్నెండు పడతాయి. ధర తగ్గించమని నన్ను అడగమనకండి, నేను అడగను. ఖాళీ సీసాలు పారేయవద్దు, ఆవిడ కడిగి మళ్లీ వాడతారు.