పెద్ద క్లయింటుకి మనమే బ్యాంకు

"పెద్ద కంపెనీ ఆర్డర్ దొరికిందటగా, ఇంకేం, నిలదొక్కుకున్నట్టే!" అని ఎవరైనా అంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు. మా చిన్న ప్యాకింగ్ యూనిట్‌కి అలాంటి క్లయింటు దొరికిన ఏడాదే, జీతాలివ్వడానికి నేను మొదటిసారి అప్పు చేశాను.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు వాళ్లకి ఎక్కడలేని తొందర. రాత్రి పదింటికి కూడా ఫోన్లు. సరుకు దిగిందా, ఇక అంతే. అకౌంట్స్ వాళ్లు "జీఆర్‌ఎన్ పడలేదండీ" అంటారు, అంటే సరుకు అందిందని స్టోర్స్ రాసే రసీదు. స్టోర్స్‌ని అడిగితే క్వాలిటీ వాళ్లు చూడాలంటారు. క్వాలిటీ వాళ్లేమో మేం ఎప్పుడో పాస్ చేశాం కదా అంటారు. తీరా ఎంట్రీ పడ్డాక పీఓలో, అంటే వాళ్లిచ్చిన కొనుగోలు ఆర్డర్లో, ఉన్న లెక్క, స్టోర్స్‌లో రాసుకున్న లెక్క, మన బిల్లు, మూడూ కలవాలి. కలవకపోతే బిల్లు పక్కకి వెళ్లిపోతుంది. ఒకసారి పన్నెండు పెట్టెలు తక్కువొచ్చాయని మాది మొత్తం ఆపేశారు. ఆ పన్నెండూ తీసేసి మిగతావాటికి ఇవ్వండి మహాప్రభో అన్నా వినలేదు. కొత్త బిల్లు పెట్టమన్నారు. కొత్త బిల్లంటే కొత్త తేదీ, బిల్లు తేదీ నుంచి 90 రోజులకి డబ్బిస్తామన్న లెక్క మళ్లీ ఒకటి నుంచి.

పోనీ తిడదామంటే మనిషి దొరకడు. ఫోనెత్తిన ప్రతివాళ్లూ మర్యాదస్తులే.

ఈలోగా ముడిసరుకు, కరెంటు, జీతాలు మన జేబులోంచే. చాలాచోట్ల పన్ను కూడా బిల్లు తేదీని బట్టి కట్టాల్సిందే, డబ్బు చేతికొచ్చిందా అని ఎవరూ అడగరు. అంటే వాళ్ల పనికి మనం పెట్టుబడి పెడుతున్నాం, అదీ వడ్డీ లేకుండా. ఆ పెట్టుబడి కోసం మనం బ్యాంకుకి కట్టే వడ్డీ మాత్రం మనదే.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. భారత్‌లో చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ. బ్రిటన్‌లో 1998 నుంచే ఆలస్యానికి వడ్డీ అడిగే హక్కుంది. అడిగేదెవరు? రాబడిలో సగం ఒక్కళ్ల దగ్గర్నుంచే వస్తున్నప్పుడు వాళ్లకే నోటీసు పంపాలంటే గుండె ఉండాలి. నాకైతే లేకపోయింది.

బ్రిటన్‌లో కారిలియన్ అని పెద్ద నిర్మాణ కంపెనీ ఉండేది. సరఫరాదారులకి సకాలంలో చెల్లిస్తామన్న నియమావళి మీద సంతకం పెట్టి, పెట్టిన గడువేమో 120 రోజులు. ముందే కావాలంటే కొంత కోత పెట్టించుకుని బ్యాంకు ద్వారా తీసుకోవాలి, అంటే మన డబ్బు మనమే కొనుక్కోవడం! 2018 జనవరిలో ఆ కంపెనీ కూలిపోయింది. బాకీలు రావాల్సిన చిన్నవాళ్లు వేలల్లో మిగిలారు.

ఇప్పుడు నేను రేటు చెప్పే ముందు డబ్బెప్పుడిస్తారో అడుగుతాను. 90 రోజులంటే ఆ మూడు నెలల వడ్డీ రేటులోనే కలిపేస్తాను. దాంతో రెండు ఆర్డర్లు పోయాయి కూడా. పోతే పోయాయి, కనీసం నిద్ర పడుతోంది.

నిన్న ఆ పాత క్లయింటు నుంచి మెయిలొచ్చింది. "ప్రియమైన భాగస్వామికి" అని మొదలుపెట్టి, వచ్చే ఏడాదికి రేటు 5 శాతం తగ్గించమని అడిగారు. రావాల్సిన బిల్లు నంబరు, దాని తేదీ రాసి జవాబు పంపాను. ఇంకో ముక్క రాయలేదు.