తుమ్మచెట్టు ఇంటిపేరు పోయిన వైనం

భూములు పోగొట్టుకున్నవారి కోసం, పదవులు పోగొట్టుకున్నవారి కోసం ఈ దేశంలో ఎన్నో కమిషన్లు కూర్చున్నాయి, నివేదికలు వెలువడ్డాయి, వాటిలో కొన్నింటిని ఎవరో చదివారు కూడా. కానీ చెరువు గట్ల మీదా పొలం గట్ల మీదా తరతరాలుగా నిలబడి, నాగలికి కర్రను, మేకలకు కాయలను, ఊరందరికీ పళ్లు తోముకునే పుల్లను పైసా తీసుకోకుండా సరఫరా చేసిన నల్లతుమ్మ చెట్టు తన శాస్త్రీయ నామంలోని అకేసియా అనే ఇంటిపేరును పోగొట్టుకుంటే మాత్రం ఒక్క ధర్నా అయినా జరిగినట్టు లేదు. పోగొట్టుకున్న చోటు కూడా సామాన్యమైనది కాదు. 2005లో, ఆస్ట్రియా రాజధాని వియన్నాలో, అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో, ఓటింగు పెట్టి మరీ తీసేశారు. ఆ ఓటింగులో తుమ్మ పక్షానికే మెజారిటీ వచ్చింది, అయినా తుమ్మే ఓడిపోయింది. ఈ వాక్యంలో అచ్చుతప్పు లేదు, వివరం దిగువన మనవి చేస్తాను.

ముందుగా ఈ వ్యవహారంలోని ధర్మశాస్త్రం తెలుసుకోవాలి. స్వీడన్ దేశస్థుడైన కార్ల్ లిన్నేయస్ 1753లో మొక్కలకు, 1758లో జంతువులకు రెండేసి మాటల పేర్లు పెట్టి గ్రంథాలు వెలువరించాడు. శాస్త్రీయ నామాల లెక్క దాదాపుగా ఆ రెండు సంవత్సరాల నుంచే మొదలవుతుంది, అంతకు ముందు ఎవరు ఏమని పిలుచుకున్నా చెల్లదు. మొదటి మాట ప్రజాతిది, రెండో మాట జాతిది, అంటే ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు. చుట్టూ ఉన్న జనమంతా ఇంటిపేరును వెనక తగిలించుకుంటూ ఉండగా ఆయన ఒక్కడూ తెలుగువాడిలా దానిని ముందుకు తెచ్చాడు గనుక, ఆయన పూర్వీకులు గోదావరి జిల్లాల నుంచి వలస వెళ్లినవారేనని నిరూపించే పరిశోధన ఏదో ఒక విశ్వవిద్యాలయం నుంచి త్వరలోనే రాగలదని ఆశిద్దాం. పేరు పెట్టే అధికారం చేతిలో ఉంటే ఎంత దూరం పోవచ్చో కూడా ఆయన కాలంలోనే తేలిపోయింది. పువ్వులోని కేసరాలను లెక్కపెట్టి మొక్కలను వర్గీకరించే ఆయన పద్ధతి పచ్చి అసభ్యమని దుమ్మెత్తిపోసిన సీగెస్‌బెక్ అనే పండితుడి పేరును ఇవాళ్టికీ ఒక జిగట కలుపుమొక్క మోస్తోంది.

ఇక అసలు నియమం. ఏ పేరునూ గాలికి వదిలేయరు, ఒక నమూనాకు, అంటే ఆ పేరు ఎవరిదో తేల్చే సాక్షికి, కట్టేస్తారు. ఉమ్మడి కుటుంబం వేరుపడే రోజు వస్తే, ఆ నమూనా ఏ వాటాలో పడితే పాత ఇంటిపేరు ఆ వాటాకే దక్కుతుంది, మిగిలినవారు వేరే పేరు వెతుక్కోవాలి. ఈ నియమం నుంచి మనుషులకూ మినహాయింపు లేదు. హోమో సేపియన్స్, అంటే వివేకవంతుడైన మానవుడు, అనే పేరుకు నమూనా లిన్నేయసేనని 1959లో విలియం స్టెర్న్ అనే వృక్షశాస్త్రవేత్త రాశాడు. సదరు నమూనా ఉప్సలా నగరపు పెద్ద చర్చిలో సమాధి అయి ఉంది. రేపెప్పుడైనా మానవులది ఒకటి కాదు, రెండు జాతులని శాస్త్రవేత్తలు తేలిస్తే, వివేకవంతుడనే బిరుదు స్వీడన్ వైపు వారికే పోతుంది.

నల్లతుమ్మను లిన్నేయస్ 1753లో మైమోసా నైలోటికా అన్నాడు. తర్వాత వచ్చినవారు అకేసియా అరాబికా అన్నారు, ఇంకొకరు అకేసియా నైలోటికా అన్నారు. నైలు నదికీ అరేబియాకూ దక్కిన గౌరవం మన చెరువులలో ఒక్కదానికైనా దక్కలేదన్నది వేరే ఫిర్యాదు, దానిని ఇందులో కలపను. ముఖ్యమైన సంగతి ఏమంటే, అకేసియా అనే ప్రజాతికి నమూనా ఈ చెట్టే. ప్రపంచంలోని పదమూడు వందలకు పైగా అకేసియా జాతులకు మన తుమ్మే ఇంటిపెద్ద అన్నమాట. ఆ హోదాలో ఉండి కూడా అది ఏనాడూ గట్టు దిగలేదు, ఎవరి దగ్గరా చేయి చాచలేదు.

డీఎన్ఏ పరీక్షలు వచ్చాక, ఈ ఉమ్మడి కుటుంబం ఒక్క తల్లి బిడ్డలది కాదని తేలింది. పంపకాలు తప్పలేదు. నియమం ప్రకారం తుమ్మ, దాని దగ్గరి చుట్టాలు అకేసియాలుగా మిగలాలి, ఆస్ట్రేలియాలోని సుమారు వెయ్యి జాతులు రాకోస్పెర్మా అనే పేరులోకి మారాలి. ఆస్ట్రేలియావారేమో తమ చెట్లలో ఒకదాని పసుపు పూలను 1988లో జాతీయ పుష్పంగా ప్రకటించుకుని ఉన్నారు. జాతీయ పుష్పానికి మందుల షాపులో చీటీ చూపించి అడగవలసినటువంటి పేరు ఎవరు మాత్రం పెట్టుకుంటారు? అందుచేత అక్కడి శాస్త్రవేత్తలు 2003లో ఒక ఉపాయం ముందుకు తెచ్చారు. నియమాన్ని మార్చనవసరం లేదు, నమూనాను మారిస్తే చాలు, తుమ్మను దించి మా చెట్టును ఇంటిపెద్దగా కూర్చోబెడితే వెయ్యి పేర్లు దిద్దే శ్రమ తప్పుతుంది అన్నారు. కమిటీలు ఔనన్నాయి. వియన్నాలో ఓట్లు లెక్కపెట్టగా కమిటీ సిఫారసుకు వ్యతిరేకంగా 54.9 శాతం, అనుకూలంగా 45.1 శాతం వచ్చాయి. అయితే కమిటీ మాటను తోసిపుచ్చాలంటే 60 శాతం కావాలని చెప్పి, 45.1 శాతాన్ని గెలిపించారు. మన మండల పరిషత్తులలో ఇంత నాజూకుగా పని జరగదు, కుర్చీలైనా విరుగుతాయి. అన్యాయం జరిగిందని గగ్గోలు పెట్టినవారికి తర్వాతి మహాసభలో తేల్చుకునే అవకాశం లభించింది. ఆ మహాసభ 2011లో మెల్‌బోర్న్‌లో జరిగింది. మెల్‌బోర్న్ ఏ దేశంలో ఉందో, అక్కడ ఏమి ఖరారైందో పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

నేను ఈ తీర్పును గౌరవిస్తున్నాను. సంఖ్యాబలం ఉన్నవారికే పేరు దక్కాలన్న సూత్రం ఇప్పుడు స్థిరపడింది గనుక, మానవజాతి పంపకాలు జరిగే రోజున ఉప్సలా నమూనాను పక్కకు దించి, 140 కోట్లకు పైగా ఉన్న మనం వివేకవంతుల బిరుదుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

తుమ్మకు దక్కిన కొత్త ఇంటిపేరు వాచెల్లియా. ఈస్టిండియా కంపెనీ తరఫున మకావ్‌లో మతాధికారిగా ఉంటూ చైనాలో మొక్కలు సేకరించిన వాచెల్ అనే ఆయన జ్ఞాపకార్థం, 1834లో వైట్, ఆర్నాట్ అనే ఇద్దరు పండితులు కస్తూరి తుమ్మకు పెట్టిన పేరు అది. కిళ్లీలోకి కాచునిచ్చే సండ్ర చెట్టును, తల రుద్దుకునే శీకాయను సెనెగాలియా అనే మరో ఇంటికి పంపారు. అకేసియా అన్న మాట ముల్లు అని అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి వచ్చిందని చెబుతారు. జంటలు జంటలుగా తెల్లని ముళ్లున్న తుమ్మ నుంచి ఆ పేరును లాక్కుని, చాలావరకు ముల్లే లేని ఆస్ట్రేలియా చెట్లకు ఇవ్వడంలోని సాహసాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. వాటిలో ఒక రకాన్ని మనమే తెప్పించి రోడ్ల పక్కన వరసగా నాటుకున్నాం కూడా. అది మన గడ్డ మీద అకేసియాగా తలెత్తుకుని నిలబడి ఉంటే, అవతలి గట్టు మీది తుమ్మ పాదిరీ పేరుతో కాలం వెళ్లబుచ్చుతోంది.

నియమం ఎప్పుడూ పనిచేయదని నేను అనను. జమ్మి విషయంలో చక్కగా పనిచేసింది. 2022లో ప్రోసోపిస్ అనే ప్రజాతిని విడగొట్టినప్పుడు, అమెరికా ఖండాలకు చెందిన నలభైకి పైగా జాతులు వేరే పేరులోకి వెళ్లిపోయాయి, మూడంటే మూడు జాతుల చిన్న వాటాకు పాత పేరు మిగిలింది. ఎందుకంటే నమూనా జమ్మి. సంఖ్యాబలం మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. పాండవులు దాచిన ఆయుధాలు ఇంకా ఆ చెట్టు మీదే ఉన్నాయేమోనన్న భయం తప్ప దీనికి శాస్త్రీయమైన కారణమేదీ నాకు తోచడం లేదు. అలా బయటికి వెళ్లినవాటిలో, మన బీళ్లనూ చెరువులనూ ఆక్రమించిన సర్కారు తుమ్మ ఒకటి. దానికి ఇప్పుడు నెల్తుమా అనే ఇంటిపేరు వచ్చింది. అమెరికాలో స్థిరపడి వేలకొద్దీ పేర్లు సృష్టించిన రఫినెస్క్ 1838లో పెట్టిన ఆ పేరు మన చెవికి అచ్చం నల్లతుమ్మలా వినిపిస్తుంది. అసలు నల్లతుమ్మకు చైనాలో తిరిగిన వాచెల్ దొర పేరు, సర్కారు తుమ్మకు నల్లతుమ్మలా ధ్వనించే పేరు!

ఈ పంపకాలలో మన రైతు చేసిన వర్గీకరణను ఎవరూ సాక్ష్యంగా పిలవలేదు. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, కస్తూరి తుమ్మ అని ఆయన ఒకే ఇంటిపేరుతో పిలిచిన మూడూ, డీఎన్ఏ లెక్కలోనూ ఒకే వాటాలో పడ్డాయి. తుమ్మ అని పిలవని సండ్ర వేరే వాటాలో పడింది. సర్కారు తుమ్మ మాటేమిటని అడిగేవారు దాని ముందున్న సర్కారు అన్న మాటను గమనించాలి, అది చుట్టరికం కలిపినట్టు లేదు, ఎవరిని నిందించాలో రాసిపెట్టుకున్నట్టు ఉంది.

వచ్చే మహాసభ 2029లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో జరగనుంది. జిరాఫీలు మేసే గొడుగు తుమ్మలు కూడా మన తుమ్మతో పాటే ఇంటిపేరు పోగొట్టుకున్నాయి కాబట్టి అక్కడ మనకు కొంత సానుభూతి దొరకవచ్చు. ప్రభుత్వాలు వెంటనే ఒక అఖిలపక్ష బృందాన్ని పంపాలి. అక్కడ స్వయంగా హాజరైన సభ్యులకు తలా ఒక ఓటు, ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అతికించి భద్రపరిచే హెర్బేరియాలకు వాటి స్థాయిని బట్టి ఏడు వరకు అదనపు ఓట్లు ఉంటాయి. ఎండబెట్టినవారికి ఏడు ఓట్లు ఇచ్చినప్పుడు, తుమ్మను పచ్చిగానే రోజూ పరీక్షించే మన మేకల మందలకు మందకు ఒక్క ఓటైనా ఇవ్వాలని ఆ బృందం గట్టిగా అడగాలి.