మహారాజశ్రీ 'టురీడ్' ట్యాగు గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి. 2003లో జాషువా షాక్టర్ పెట్టిన డెలీషియస్ అనే వెబ్‌సైట్‌లో తమరి వైభవం ఎరిగినవాళ్లం. లింకు దాచుకోవడం, దానికి తోచిన ట్యాగు, అంటే గుర్తుమాట, తగిలించడం, అక్కడ ఇదే పనిగా ఉండేది. అప్పట్లో ట్యాగులో ఖాళీ వదలడం కుదిరేది కాదు కాబట్టి తమరు 'టు', 'రీడ్' (చదవాల్సినవి) అనే రెండు మాటలూ అతుక్కునే వెలిశారు.

ఏ ట్యాగుకి దేనితో సంబంధమో నెట్‌వర్క్ బొమ్మ గీసేవాళ్లకి తమరంటే హడల్. మనిషి, ట్యాగు, లింకు మూడింటికీ కలిపి ముడి వేస్తారు వాళ్లు. తర్వాత ఒకే లింకు మీద కలిసి కనబడ్డ ట్యాగుల మధ్య గీత గీస్తారు. పైథాన్ పక్కన ప్రోగ్రామింగ్, పాస్తా పక్కన రెసిపీ చేరి, ఎవరి గుంపు వారిదిగా విడిపోవాలి న్యాయంగా. తమరేమో పెళ్ళిళ్ల పేరయ్యలా ప్రతి గుంపుతోనూ చుట్టరికం కలిపేస్తారు. దాంతో పైథాన్ నుంచి పాస్తాకి రెండే అడుగులు, తమరి మీదుగా! ఆహా, ఎంత చిన్న ప్రపంచమో అని మురిసిపోయేలోపే తెలిసిపోతుంది, ఆ రెండింటినీ కలిపింది 'తర్వాత చూద్దాంలే' అనే బద్ధకమేనని.

2005లో హెచ్‌పీ కంపెనీ పరిశోధనశాల హెచ్‌పీ ల్యాబ్స్‌లో స్కాట్ గోల్డర్, బెర్నార్డో హ్యూబర్‌మన్ అనే పరిశోధకులు డెలీషియస్‌ను తవ్వి చూశారు. ఒక లింకును సుమారు వందమంది దాచుకునేసరికి ఏ ట్యాగు వాటా ఎంతో దాదాపు కుదురుకుంటుందట. ఆ పైన ఎంతమంది వచ్చినా పెద్దగా మారదు. మీటింగ్ లేదు, కమిటీ లేదు. (మా ఆఫీసులో ఐదుగురు కూర్చుంటే కాఫీనా టీనా అన్నదే తేలదు.) ట్యాగులు చేసే పనులను వాళ్లు ఏడు రకాలుగా విడదీసి, తమరిని చివరి అరలో, 'చేయాల్సిన పనుల' కింద పెట్టారు. చేయాల్సినవే. చేసిన దాఖలా ఎక్కడా లేదు.

పాటల సైటు లాస్ట్.ఎఫ్ఎమ్‌లో తమరి తమ్ముడు 'సీన్ లైవ్' (కళ్లారా చూశా) కూడా ఇంతే, పాట ఏ రకమో చెప్పడు, కచేరీకి వెళ్లొచ్చానోచ్ అంటాడు. అక్కడే పారిస్ హిల్టన్ పాప్ పాటలకి 'బ్రూటల్ డెత్ మెటల్' అని, అంటే చెవులు చిల్లులుపడే అరుపుల సంగీతమని, తగిలించిన కొంటెవాళ్లూ ఉన్నారు. అబద్ధమే, కానీ కనీసం పాట గురించిన అబద్ధం. తమరు అదైనా చెప్పరు.

డెలీషియస్ చేతులు మారి మారి 2017లో 35,000 డాలర్లకు అలాంటిదే మరో సైటు పిన్‌బోర్డ్ పాలైంది. ఇకపై కొత్తవి దాచడం కుదరదు, ఉన్నవి చూసుకోండి అన్నారు. అంటే, ఇక చదవడం తప్ప వేరే పని లేదన్నమాట. తమరి భక్తులు ఊరుకుంటారా? అన్నీ డౌన్‌లోడ్ చేసి వేరేచోట దాచుకున్నారు.

ఇట్లు,
తమరిని గ్రాఫులోంచి తీసేసి ఊపిరి పీల్చుకున్న ఒక విధేయుడు